ఇన్ ద బస్సా, ఆన్ ద బస్సా? పంటు నుంచి ఫ్లైట్ దాకా ఏ బండికి ఏ మాట

ఇంగ్లీషు బాగానే మాట్లాడే పిల్లలు కూడా బండి దగ్గరకి వచ్చేసరికి ఆగిపోతుంటారు. 'ఇన్ ద బస్' అనాలా, 'ఆన్ ద బస్' అనాలా, 'బై బస్' అనాలా? తెలుగులో మనకి ఈ ఇబ్బంది లేదు, బస్సులో వచ్చాం, కారులో వచ్చాం, పడవలో వచ్చాం అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు కాబట్టి చాలామంది ఒక పట్టిక ఇచ్చి బట్టీ పట్టిస్తారు, కారుకి ఇన్, బస్సుకి ఆన్, రైలుకి ఆన్ అని. నా మాట విని ఆ పట్టిక పక్కన పెట్టేయండి. అందులో షేర్ ఆటో ఉండదు, మనుషుల్నీ బండ్లనీ గోదారి దాటించే పంటు ఉండదు, లారీలో కొబ్బరికాయల లోడు పైన కూర్చున్న కుర్రాడు అసలే ఉండడు. బండి పేరు గుర్తుపెట్టుకోవడం కాదు కావలసింది, ఆ బండిలోకి మనిషి ఎలా వెళ్తాడు, వెళ్లాక లోపల ఎలా ఉంటాడు అన్నది చూడాలి. అది చూడటం అలవాటైతే కొత్త బండి ఎదురైనా తడుముకోరు.

మన కోనసీమలో, ఆ పక్క నరసాపురం, భీమవరం వైపు ఉన్నవాళ్లకి ఇది నేర్చుకోవడం ఇంకా తేలిక. ఒక్క పూటలో బైకు, ఆటో, పంటు, బస్సు, రైలు అన్నీ ఎక్కి దిగేవాళ్లం మనమే కదా.

మొదటి పని: రకం చెబుతున్నారా, ఫలానా బండి చెబుతున్నారా?

నోరు తెరిచే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. "ఎలా వచ్చారు?" అని ఎవరైనా అడిగితే మనం ఏ రకం బండో చెబుతాం, అంతే. అక్కడ 'బై' వాడాలి. 'ఐ కేమ్ బై బస్.' 'వుయ్ వెంట్ బై ట్రైన్.' 'బై కార్', 'బై ఆటో', 'బై బోట్', అన్నీ సరే. షరతు ఒకటే, బై తర్వాత బండి పేరు ఒంటరిగా ఉండాలి. ముందు 'ఎ' గానీ 'ద' గానీ 'మై' గానీ రాకూడదు, చివర 'ఎస్' చేరి బహువచనం కాకూడదు. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా మీరు ఫలానా బండి గురించి మాట్లాడుతున్నట్టే, అప్పుడు బై వదిలేసి ఇన్ గానీ ఆన్ గానీ వాడాలి.

మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. 'ఐ కేమ్ బై మై ఫ్రెండ్స్ బైక్' అంటారు. ఫ్రెండ్ బైకు అనేశాక అది ఫలానా బైకు అయిపోయింది కదా, కాబట్టి 'ఆన్ మై ఫ్రెండ్స్ బైక్' అనాలి. అలాగే 'బై మై అంకుల్స్ కార్' కాదు, 'ఇన్ మై అంకుల్స్ కార్'. ఆరు గంటల బస్సుకి వెళ్తున్నాను అని చెప్పాలంటే 'ఐ యామ్ గోయింగ్ ఆన్ ద సిక్స్ ఓ క్లాక్ బస్'.

'బై వాక్' అనే మాట మన దగ్గర ఊరూరా వినిపిస్తుంది. ఇంగ్లీషులో అది లేదు. 'ఆన్ ఫుట్' అనండి, లేదా ఇంకా సహజంగా 'ఐ వాక్డ్' అనేయండి. 'బై ఫ్లైట్' కూడా మన దేశంలోనే ఎక్కువ. బయటివాళ్లు 'బై ప్లేన్' అంటారు, 'బై ఎయిర్' అంటారు, ఎక్కువసార్లు ఊరికే 'ఐ ఫ్లూ టు హైదరాబాద్' అంటారు. 'విత్ బస్' మాత్రం ఎక్కడా చెల్లదు. బస్సు మీకు తోడు రాదు కదా, మిమ్మల్ని మోసుకుని వస్తుంది.

దారిని చెప్పేటప్పుడూ బై పనికొస్తుంది: 'బై రోడ్', 'బై రైల్', 'బై సీ'. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా పాకిన కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. ఆ రోజుల సంగతి చెప్పాలంటే 'రైస్ వాజ్ సెంట్ బై కెనాల్' అనొచ్చు. అది దారి. అదే ఆ బియ్యం మోసిన పడవల గురించైతే 'ఆన్ కెనాల్ బోట్స్' అనాలి.

రెండో పని: ఒంటిని చూడండి

ఫలానా బండి అని తేలాక మూడు ప్రశ్నలు వేసుకోండి, ఇదే వరసలో.

బండి పైన కూర్చుంటారా, చుట్టూ గోడా తలుపూ ఏమీ లేకుండా? అయితే ఆన్. సైకిల్, బైకు, స్కూటీ, గుర్రం, ట్రాక్టర్ నడిపే మనిషి, అందరూ ఆన్. 'హి ఈజ్ ఆన్ ద ట్రాక్టర్.' వెనకాల ట్రక్కులో కూర్చున్న కూలీలు మాత్రం 'ఇన్ ద ట్రైలర్', ఎందుకంటే వాళ్ల చుట్టూ తలుపు చెక్కలు ఉన్నాయి.

అలా కాకపోతే రెండోది: మెట్టెక్కి ఒక నేల మీద కాలు పెట్టి, నిటారుగా నిలబడి, అటూ ఇటూ నడవగలరా? అయితే మళ్లీ ఆన్. బస్సు, రైలు, ఓడ, పెద్ద విమానం, లాంచీ, పంటు. ఓడల కాలం నుంచి వచ్చిన అలవాటు ఇది. ఓడ ఎక్కడమంటే ముందు దాని డెక్ మీద కాలు పెట్టడం. 'ఆన్ బోర్డ్' అనేది నావికుల మాట, అదే తర్వాత రైలుకి వచ్చింది, విమానానికీ వచ్చింది.

మూడోది: తల వంచి లోపలికి దూరాలా, కూర్చున్నాక నిలబడటం కుదరదా? అయితే ఇన్. కారు, జీపు, ట్యాక్సీ, ఆటో, వ్యాన్, అంబులెన్స్, లారీ కేబిన్.

ఇప్పుడు మెలికలు చూద్దాం, అసలు కష్టం వీటితోనే. సంక్రాంతికి పల్లె వెలుగు బస్సు ఎక్కారు, కాలు కదపడానికి చోటు లేదు, నడవడం సంగతి తర్వాత, జేబులోంచి ఫోను తీయడమే గగనం. అయినా ఆన్ ద బస్సే. ఆ రోజు మీరు నడిచారా లేదా అన్నది కాదు, నడవడానికి వీలుగా కట్టిన బండా కాదా అన్నది చూడాలి. మినీ బస్సులో తల పైకప్పుకి తగులుతున్నా సరే, అది బస్సు కాబట్టి ఆనే. ఇంతకు ముందు కాకినాడ, కోటిపల్లి లైన్లో తిరిగిన రైల్‌బస్ ఉంది చూశారూ, అది బస్సు అనుకున్నా రైలు అనుకున్నా జవాబు మారదు, 'ఆన్ ద రైల్‌బస్'.

షేర్ ఆటో ఇంకో రకం మెలిక. టికెట్టు లేదనే గానీ బస్సులాగే ఒకే రూటులో తిరుగుతుంది, సెంటరు సెంటరుకి ఆగుతుంది, మనిషికింత అని తీసుకుంటుంది. జనం తిరిగే సర్వీసు అయితే ఆన్ అని కొందరు చెబుతారు, అది సగమే నిజం. షేర్ ఆటోకి 'ఇన్' అనే అంటాం. దూరి కూర్చోవాలి, నిలబడలేం. డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చున్నా అది 'ఇన్ ద ఆటో'యే. రూటూ, టికెట్టూ అనేవి సాక్ష్యం లాంటివి మాత్రమే, తీర్పు ఒంటిదే.

విమానం పెద్దదైతే ఆన్, ఇద్దరు కూర్చునే చిన్న విమానమైతే ఇన్. హెలికాప్టర్‌కి కూడా మామూలుగా ఇన్ అంటారు. మన కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర కూలిన హెలికాప్టర్‌లో ఉన్నారు. దాన్ని ఇంగ్లీషులో రాస్తే 'హి వాజ్ ట్రావెలింగ్ ఇన్ ఎ హెలికాప్టర్' అని రాయాలి. 'ఫ్లైట్' అనే మాట వాడితే మాత్రం విమానం సైజుతో పని లేదు, మధురపూడి నుంచి ఎక్కినా, శంషాబాద్ నుంచి ఎక్కినా 'ఆన్ ద ఫ్లైట్' అనే అంటారు.

ఎడ్లబండికి రెండూ చెల్లుతాయి. గడ్డి వేసిన చదును బండి మీద కూర్చుంటే ఆన్, గూడు కట్టిన బండి లోపల కూర్చుంటే ఇన్. ఇది రూలు కాదు, కంటికి ఎలా కనిపిస్తే అలా.

మూడో పని: ఎక్కడం, దిగడం

మీరు ఏది ఎంచుకున్నారో దాన్నిబట్టే ఎక్కడం, దిగడం కూడా మారతాయి. ఆన్ బండికి 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్'. ఇన్ బండికి 'గెట్ ఇన్' లేదా 'గెట్ ఇంటూ', దిగేటప్పుడు 'గెట్ అవుట్ ఆఫ్'. జతలు కలపకండి. 'ఐ గాట్ ఆఫ్ ద బస్ ఎట్ రావులపాలెం', 'ఐ గాట్ అవుట్ ఆఫ్ ద ఆటో ఎట్ ద హాస్పిటల్'.

ఇది మంచి పరీక్ష కూడా. ఇన్నా ఆనా అని డౌటు వస్తే దిగే మాట పెట్టి చూడండి. 'గెట్ ఆఫ్ ద కార్' అంటే కారు బానెట్ మీదో టాపు మీదో ఎక్కి కూర్చున్నవాడిని కిందికి దిగమన్నట్టు ఉంటుంది. ఆ బొమ్మ తేడాగా కనిపిస్తోంది కాబట్టి కారుకి ఆన్ కుదరదని తెలిసిపోతుంది.

'గెట్ డౌన్' గురించి గట్టిగానే చెప్పాలి. 'ఐ విల్ గెట్ డౌన్ ఎట్ అమలాపురం' అంటే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, మన మధ్య మాట్లాడుకోవడానికి ఏ బాధా లేదు. కానీ కువైట్‌లోనో మస్కట్‌లోనో వేరే దేశాలవాళ్లతో కలిసి పనిచేసేటప్పుడు, ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలో స్పీకింగ్‌కి కూర్చున్నప్పుడు 'గెట్ ఆఫ్' అనండి. బయటివాళ్ల చెవికి 'గెట్ డౌన్!' అంటే 'వంగు, నేలకి అతుక్కో' అని అరిచినట్టు ఉంటుంది. గల్ఫ్‌కి వెళ్లే మనవాళ్లలో డ్రైవర్లు చాలామంది ఉంటారు, వాళ్లకి రోజూ అవసరమయ్యే మాట ఇది. కారు ఆపి, వెనక సీట్లో వాళ్లతో 'ప్లీజ్ గెట్ డౌన్' అనకుండా 'వుయ్ ఆర్ హియర్, యూ కెన్ గెట్ అవుట్ నౌ' అంటే మర్యాదగానూ ఉంటుంది, అర్థంలో తేడా రాదు.

నాలుగో పని: రేవు దగ్గర నిలబడి చూడండి

నీటి బండ్లని పుస్తకాలు ఒక్క లైనులో తేల్చేస్తాయి, షిప్‌కి ఆన్, బోట్‌కి ఇన్ అని. గోదారి దాటేవాళ్లకి అది చాలదు. సఖినేటిపల్లి రేవులో పది నిమిషాలు నిలబడండి, లేకపోతే కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుకి వెళ్లండి.

పంటు ఒడ్డుకి ఆనింది. ముందు బైకులు ఎక్కుతాయి, చాలామంది దిగకుండానే బైకు మీదే కూర్చుని ఉంటారు. తర్వాత ఒక కారు నెమ్మదిగా చెక్కల మీద నుంచి పైకి వస్తుంది, హ్యాండ్ బ్రేకు వేస్తారు, లోపల ఏసీలో ఉన్నవాళ్లు అద్దాలు కూడా దించరు. పక్కన బుట్టలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు, రెయిలింగ్‌కి ఆనుకుని ఫొటోలు తీసుకుంటున్న కుర్రాళ్లు. ఇప్పుడు ఒక్కొక్కరినీ చెప్పండి.

నిలబడ్డవాళ్లు 'ఆన్ ద ఫెర్రీ'. బైకు మీద ఉన్నవాడు 'ఆన్ ద బైక్', ఆ బైకు 'ఆన్ ద ఫెర్రీ'. కారులో ఉన్నవాళ్లు 'ఇన్ ద కార్', ఆ కారు 'ఆన్ ద ఫెర్రీ'. 'వుయ్ వర్ ఇన్ ద కార్, అండ్ ద కార్ వాజ్ ఆన్ ద ఫెర్రీ.' ఈ ఒక్క వాక్యం పట్టుబడితే సగం విషయం వచ్చేసినట్టే. పంటు అనే మాటకి ఇంగ్లీషులో 'ఫెర్రీ' సరిపోతుంది, 'పంట్' అనకండి, అది ఇంగ్లండులో కర్రతో నెట్టే చిన్న పడవ పేరు, వినేవాడు వేరే బొమ్మ ఊహించుకుంటాడు.

అదే రేవులో నాటు పడవ ఉందనుకోండి. అందులోకి అడుగు వేస్తే పడవ ఊగుతుంది, వెంటనే కూర్చోవాలి, నిలబడితే పక్కవాళ్లు కేకలేస్తారు. పడవ అంచు మీ నడుము దాకానో భుజం దాకానో ఉంటుంది, మీరు నిజంగానే దాని లోపల ఉన్నారు. కాబట్టి 'ఇన్ ద బోట్'. అంతర్వేది వైపు వేటకి వెళ్లే చిన్న పడవలకీ ఇదే మాట. పాపికొండలు తీసుకెళ్లే రెండంతస్తుల బోటు పేరుకి బోటే గానీ అందులో కుర్చీలుంటాయి, మెట్లుంటాయి, పైకి ఎక్కి నిలబడి కొండలు చూస్తారు, కింద భోజనాలు పెడతారు. అది 'ఆన్ ద బోట్'. చూశారా, రెండింటినీ ఇంగ్లీషులో బోటు అనే అంటున్నాం, మాట మాత్రం మారింది. అందుకే పట్టిక వద్దన్నాను.

ఓడకి ఎప్పుడూ ఆన్. అయితే 'హి ఈజ్ ఇన్ ద మర్చంట్ నేవీ' అంటే ఉద్యోగం అందులో, 'హి ఈజ్ ఆన్ ఎ షిప్' అంటే ప్రస్తుతం ఓడలో ఉన్నాడు, 'హి ఈజ్ ఎట్ సీ' అంటే సముద్రంలో ప్రయాణంలో ఉన్నాడు. ఇంటర్వ్యూలకి వెళ్లే కుర్రాళ్లు ఈ మూడూ కలిపేయకండి.

నీటికి కూడా తేడా ఉంది. పడవ నీటిపైన ఉంటుంది కాబట్టి 'ద బోట్ ఈజ్ ఆన్ ద రివర్'. ఈతకొట్టే పిల్లాడు 'ఇన్ ద రివర్'. ఒడ్డున ఉన్న ఊరిని చెప్పడానికీ ఆన్ వాడతారు, 'రాజమండ్రి ఈజ్ ఆన్ ద గోదావరి' అంటే గోదారి ఒడ్డున ఉంది అని.

సరుకు సంగతి

పని మీద మెయిల్స్ రాసేవాళ్లకి ఇది కావాలి. లారీ నడిపే మనిషి 'ఇన్ ద లారీ', అంబాజీపేటలో ఎక్కించిన కొబ్బరికాయలు 'ఆన్ ద లారీ'. వెనక తొట్టి లోపల అని నొక్కి చెప్పాలంటే 'ఇన్ ద బ్యాక్ ఆఫ్ ద లారీ'. లోడు చేయడానికి 'ఆన్‌టూ', 'ద ప్లాంట్స్ వర్ లోడెడ్ ఆన్‌టూ ద లారీ ఎట్ కడియం'. పైన మోకు పట్టుకుని కూర్చున్న కుర్రాడు 'ఆన్ టాప్ ఆఫ్ ద లోడ్'. భీమవరం నుంచి రొయ్యలు పంపేవాళ్లయితే లోపలి నుంచి బయటికి ఒక్కో పొర చెప్పుకుంటూ రండి: రొయ్యలు 'ఇన్ ద బాక్స్', బాక్సు 'ఇన్ ద కంటైనర్', కంటైనర్ 'ఆన్ ద ట్రక్', పోర్టుకి వెళ్లాక అదే కంటైనర్ 'ఆన్ ద షిప్'. మొత్తంగా ఎలా పంపారు అంటే 'బై సీ'.

వస్తువు మర్చిపోయినా ఇదే లెక్క. 'ఐ లెఫ్ట్ మై బ్యాగ్ ఇన్ ద ఆటో', 'ఐ లెఫ్ట్ మై బ్యాగ్ ఆన్ ద బస్'.

ఇంకొన్ని చిన్నవి

రైలు ఆన్, బోగీ ఇన్. 'ఐ యామ్ ఆన్ ద నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్, ఇన్ ఎస్ ఫైవ్.' ప్లాట్‌ఫామ్ ఆన్, బస్ స్టాప్ ఎట్. కారు ముందు సీటు 'ఇన్ ద ఫ్రంట్ సీట్', బైకు వెనక 'ఆన్ ద బ్యాక్ ఆఫ్ ద బైక్'. రైలు టైముకి నడుస్తోంది అంటే 'ఆన్ టైమ్', మనం రైలు అందుకునేలా ముందే చేరాం అంటే 'ఇన్ టైమ్'.

మరి 'ఇన్ ద బస్' అనేది తప్పా? కాదు. ప్రయాణాన్ని కాకుండా బస్సు లోపలి చోటుని చెబుతుంటే అది సరైన మాటే. 'ఇట్ వాజ్ వెరీ హాట్ ఇన్ ద బస్' అనొచ్చు, ఎందుకంటే మీరు చెబుతున్నది లోపలి ఉక్క గురించి. ఎవరైనా ఇన్ ద బస్ అన్నారని పిల్లల్ని కొట్టేసినంత పనిచేసే టీచర్లని చూస్తే నాకు బాధేస్తుంది. పరీక్షలో ఖాళీ పూరించమంటే మాత్రం ఆన్ రాయమనండి, అక్కడ అడిగేది దాదాపు ప్రయాణం గురించే.

ఇప్పుడు చేసి చూడండి

కింద మలికిపురం నుంచి హైదరాబాద్ వెళ్లిన మనిషి మాటలు ఉన్నాయి. జవాబులు చూడకుండా ఖాళీలు పైకి చదువుతూ నింపండి, రాయడం కన్నా నోటితో అనడమే మంచిది.

'ఐ వెంట్ టు సఖినేటిపల్లి ___ మై బ్రదర్స్ బైక్. వుయ్ క్రాస్డ్ ద రివర్ ___ ఫెర్రీ. దేర్ వాజ్ ఎ వెడ్డింగ్ కార్ ___ ద ఫెర్రీ, అండ్ ద బ్రైడ్ వాజ్ స్లీపింగ్ ___ ద కార్. ఐ టుక్ యాన్ ఆటో టు ద స్టేషన్ అండ్ గాట్ ___ ద ఆటో ఇన్ ద రెయిన్. ఐ స్లెప్ట్ వెల్ ___ ద ట్రైన్. ఐ గాట్ ___ ద ట్రైన్ ఎట్ సికింద్రాబాద్ అండ్ వెంట్ టు మై రూమ్ ___ ఎ క్యాబ్.'

వరసగా జవాబులు: ఆన్, బై, ఆన్, ఇన్, అవుట్ ఆఫ్, ఆన్, ఆఫ్, ఇన్.

మొదటి ఖాళీలో బై పెట్టినవాళ్లు 'మై' అనే మాట చూసుకోలేదు, మొదటి పని మళ్లీ చదవండి. రెండో దాంట్లో ఆన్ పెట్టినవాళ్లు ఫెర్రీ ముందు 'ద' లేదని గమనించండి. ఐదో ఖాళీలో ఆఫ్ పెట్టి ఉంటే ఆటో టాపు మీద కూర్చుని వచ్చారన్నమాట, దిగే మాటల పరీక్ష ఇంకోసారి పెట్టుకోండి. అన్నీ కుదిరినవాళ్లు రేపు మీరు చేసే ప్రయాణాన్ని ఇలాగే ఇంగ్లీషులో చెప్పుకుంటూ వెళ్లండి, ఇంటి గుమ్మం దగ్గర 'ఆన్ ఫుట్' నుంచి మొదలుపెట్టి.